నాలుగు గ్లాసుల బగారా అన్నం ముద్దయింది: ఎసరు లెక్క ఎక్కడ తప్పింది?

ఉప్పల్ వంటగాడు (జనవరి 4, రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. ఒక గ్లాసు బియ్యంతో బగారా అన్నం వండితే నాకు మెతుకు మెతుకు విడివిడిగా వస్తుంది. ఇంట్లో మేమిద్దరమే కాబట్టి ఆరు నెలలుగా అలాగే వండుతున్నాను, ఒక్కసారి కూడా చెడలేదు. ఆ ధైర్యంతో నిన్న స్నేహితులను భోజనానికి పిలిచి నాలుగు గ్లాసులు పెట్టాను. ఒకటికి రెండు చొప్పున ఎనిమిది గ్లాసుల నీళ్లు పోశాను. ఉప్పు, మసాలా, నూనె అన్నీ నాలుగింతలు. మూత తీసి చూస్తే పైన పొంగలి, అడుగున మాడు. అన్నం వడ్డించే హస్తంతో తీసి కంచంలో పెడితే హస్తం ఆకారంలోనే నిలబడింది. స్నేహితులు మంచివాళ్లు, కోడికూరను పొగిడి ఊరుకున్నారు.

అసలు గండం ముందుంది. కనుమ నాటికి మా అత్తగారు, మామగారు, బావమరిది కుటుంబం అమలాపురం నుంచి వస్తున్నారు. మొత్తం తొమ్మిది మందిమి. కూర మా ఆవిడ చేస్తానంది, అన్నం నాకు వదిలేసింది.

బియ్యం సోనా మసూరి, పోయిన వారమే కొత్త బస్తా విప్పాము. అరగంట నానబెట్టాను. నలుగురొస్తున్నారు కదా అని ఈసారి రెండు టమాటాలు, ఒక గిన్నెడు పెరుగు కూడా వేశాను. ఎక్కడ తప్పింది?

కరీంనగర్ అక్క (జనవరి 4, రాత్రి 10:15)

ఎక్కడ తప్పలేదో అడిగితే జవాబు తొందరగా తేలేది తమ్ముడూ. కొత్త బస్తా అన్నావు. బస్తా కొత్తదా, బియ్యం కొత్తవా? సంక్రాంతి ముందు కొట్లలోకి వచ్చేవి చాలావరకు మొన్నటి వానాకాలం పంటవే. కొత్త బియ్యం నీళ్లు తక్కువ తాగుతాయి, జిగురు ఎక్కువ వదులుతాయి. పొంగలికి, పరమాన్నానికి అంతకంటే మంచివి లేవు. బగారాకు మాత్రం ఏడాది నిలవ ఉన్న పాత బియ్యం కావాలి. కొట్టువాడిని అడిగితే ఇస్తాడు, కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా తెచ్చుకో.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. మధ్యలో మూత తీసి కలిపావా?

ఉప్పల్ వంటగాడు (జనవరి 4, రాత్రి 10:22)

నాలుగైదు సార్లు కలిపాను అక్కా. అడుగంటుతున్న వాసన వచ్చింది.

కరీంనగర్ అక్క (జనవరి 4, రాత్రి 10:24)

అయితే నీళ్ల మీద నేరం మోపి లాభం లేదు, సగం పని గరిటే చేసింది. ఉడుకుతున్న మెతుకును గరిటెతో తిప్పితే విరుగుతుంది, విరిగిన చోట నుంచి గంజి కారుతుంది. వివరంగా రేపు రాస్తాను, కళ్లు మూతపడుతున్నాయి.

ఓరుగల్లు మాస్టారు (జనవరి 5, ఉదయం 6:40)

అక్క చెప్పిన రెండూ నిజమే. కానీ పాత బియ్యం వేసి, గరిటె ముట్టకుండా ఉన్నా ఎనిమిది గ్లాసుల నీటితో ఆ అన్నం ముద్దయ్యేదే. ఎందుకో నా వంటింటి లెక్క చెబుతాను. నేను ఉద్యోగ విరమణ చేసిన భౌతికశాస్త్రం ఉపాధ్యాయుణ్ణి, ఇంట్లో త్రాసు ఊరికే ఉండనివ్వను.

మీరు పోసిన నీరు రెండు దారుల్లో పోతుంది. కొంత బియ్యం తాగుతుంది. కొంత ఆవిరై గదిలో కలుస్తుంది. బియ్యం తాగే నీరు బియ్యంతో పాటు పెరుగుతుంది: ఒక గ్లాసు తాగినదానికి నాలుగు గ్లాసులు నాలుగింతలు తాగుతాయి. ఆవిరి మాత్రం గిన్నెలో ఎంత బియ్యం ఉందో చూడదు. మూత ఎంత బిగుతుగా ఉంది, మంట ఎంత, పొయ్యి మీద ఎంతసేపు ఉంది, గిన్నె మూతి ఎంత వెడల్పు, వీటినే చూస్తుంది. ఒక గ్లాసు వండినా నాలుగు వండినా పొయ్యి మీద ఉండే సమయంలో పెద్ద తేడా ఉండదు కదా. అంటే ఆవిరిగా పోయే నీరు కూడా ఇంచుమించు అంతే.

గిన్నెను వండకముందు, వండాక తూచి చూశాను. అరగంట నానబెట్టి వడగట్టిన బియ్యం గ్లాసుకు గ్లాసుంపావు చొప్పున తాగింది. ఆవిరి ఎప్పుడు చూసినా ముప్పావు గ్లాసుకు అటూ ఇటూ. ఇప్పుడు మీ లెక్క చూడండి. ఒక గ్లాసుకు గ్లాసుంపావు, ఆపై ముప్పావు, వెరసి రెండు. అందుకే ఆరు నెలలు బాగా కుదిరింది. నాలుగు గ్లాసులకు అయిదు, ఆపై అదే ముప్పావు. ఆరు గ్లాసుల లోపే సరిపోయేది, మీరు ఎనిమిది పోశారు. టమాటా, పెరుగు తెచ్చిన నీరు అదనం. రెండు గ్లాసులకు పైగా నీరు ఎటూ పోలేక మెతుకుల్లోకి దూరింది.

అరగంట నానిన బియ్యం ముందే తన బరువులో పావు వంతు దాకా నీరు పట్టి ఉంటుంది. నానబెట్టకుండా వండేవారు నా గ్లాసుంపావును గ్లాసున్నర చేసుకోవాలి.

తెనాలి పెద్దాయన (జనవరి 5, ఉదయం 8:05)

మాస్టారూ, మీరు త్రాసు పెట్టి తేల్చినదానికి తెలుగులో పాత మాటే ఉంది: అత్తెసరు. గంజి వార్చే అవసరం లేకుండా, బియ్యం తాగడానికి ఎంత కావాలో అంతే ఎసరు పెట్టడం. పరీక్షలో అత్తెసరు మార్కులు అంటాం చూశారా, గట్టెక్కడానికి సరిపోయి ఒక్కటి కూడా మిగలనివి, అవీ ఇక్కడి నుంచి వచ్చినవే. మా చిన్నప్పుడు రోజువారీ అన్నం మాత్రం వార్చేవారు. ఎసరు ఎంత పోసినా బాధ లేదు, సిబ్బి పెట్టి వంచేస్తే పోతుంది, గంజి గేదెకు కుడితిలోకి. పులావులో వార్చే వీలు లేదు. వార్చితే ఉప్పూ కారమూ కుడితిలోకే పోతాయి. వార్చడం మరిచిపోయిన తరానికి అత్తెసరూ చేతకాలేదంటే తప్పు కుక్కర్లదే.

ఉప్పల్ నాయనా, పండక్కి అల్లుడు అత్తవారింటికి వెళ్లడం లోకరీతి. మీరు అత్తగారినే రప్పించి అత్తెసరు పెడుతున్నారు. అదృష్టవంతురాలు ఆవిడ.

ఇంకొక ముచ్చట. స్థాలీపులాక న్యాయం అని విన్నారు కదా. స్థాలి అంటే వంట కుండ, పులాకం అంటే మెతుకు. ఒక్క మెతుకు నొక్కి చూస్తే కుండంతా ఉడికిందో లేదో తెలుస్తుందని. మీ నాలుగు గ్లాసుల గిన్నె ఆ న్యాయాన్ని కూడా ఓడించింది, పై మెతుకు ఒక రకం, అడుగు మెతుకు ఇంకో రకం.

డేగిశా (జనవరి 5, మధ్యాహ్నం 2:30)

పెళ్లి వంటల్లో మా మేనమామ దగ్గర పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. పెద్దాయన నవ్వుతూ అన్నారు గానీ పై మెతుకు, అడుగు మెతుకు తేడా నిజమే, దానికి కారణం గిన్నె. ఏ గిన్నెలో వండారన్నా? ఎత్తుగా, ఇరుకుగా ఉన్నదైతే అడుగు మెతుకుల మీద పైవాటి బరువంతా పడి నలిగిపోతాయి. వెడల్పాటిది, అడుగు మందంగా ఉన్నది తీసుకోండి. బియ్యం, ఎసరు కలిసి సగానికి మించకూడదు. అవే ఉడికి గిన్నె నింపుతాయి.

మేము కిలోల్లో చూస్తాం. నానబెట్టిన పాత బియ్యం కిలోకు లీటరున్నర ఎసరు. పది కిలోలు దాటితే అంత కూడా పోయం, మామయ్య ఎసరు చూసి రెండు చెంబులు పక్కకు తీయిస్తాడు. ఆయన లెక్క ఆయనకే తెలుసు, నాకు చెప్పడు. కూరతో తినే బగారా అయితే కిలో ఎనిమిది నుంచి పది మందికి వస్తుంది. పావు లీటరు గ్లాసుతో కొలిస్తే గ్లాసుకు సుమారు 200 గ్రాముల బియ్యం. మీ తొమ్మిది మందికి నాలుగున్నర గ్లాసులు చాలు, రెండోసారి అడిగేవారికి కూడా.

పాతబస్తీ దస్తర్‌ఖాన్ (జనవరి 5, సాయంత్రం 5:10)

ఉప్పల్ భాయ్, నీళ్ల సంగతి పెద్దలు చూస్తున్నారు. నా గోడు టమాటా గురించి. మా వైపు దీన్ని బగారా ఖానా అంటాం. బఘార్ అంటే తాలింపు. తాలింపు పెట్టిన అన్నం, అంతే. గిన్నె మూత తీస్తే తెల్లటి అన్నంలో అక్కడక్కడ వేగిన ఉల్లి, పుదీనా కనిపించాలి. టమాటా వేసినప్పుడు అది టమాటా అన్నం, పసుపు వేసినప్పుడు పులిహోరకు చుట్టం. గరం మసాలా పొడి అసలే వద్దు, రంగూ పోతుంది, కూరతో పోటీ పెట్టుకుంటుంది. పక్కన దాల్చా ఉంటుంది: శనగపప్పు, సొరకాయ, చింతపండు, కుదిరితే మటన్ ఎముకలు. ఆ పులుపూ కారమూ పీల్చుకోవడానికే ఈ అన్నం. పీల్చుకోవాల్సినదాన్ని మీరు ముందే పెరుగుతో నింపేశారు. పెరుగు లేకుండా ఉండలేను అంటే రెండు చెంచాలు వేసుకోండి, గిన్నెడు కాదు.

అమలాపురం కొబ్బరి (జనవరి 5, సాయంత్రం 6:00)

వాళ్లది మా ఊరు! కొబ్బరి పాలతో వండి పెట్టండి, మారు మాట్లాడరు. నీళ్ల కొలతలో సగం కొబ్బరి పాలు.

కరీంనగర్ అక్క (జనవరి 5, రాత్రి 8:30)

కొబ్బరి పాలు వాళ్ల ఇంట్లో రోజూ దొరుకుతాయి తల్లీ. అంత దూరం ప్రయాణం చేసి వచ్చి మళ్లీ అవే తినాలా? పైగా పాలు పోస్తే అడుగు తొందరగా పడుతుంది. ఈ తమ్ముడి చేతికి ఇప్పుడే వద్దు.

ఇక మాట ఇచ్చినట్టు వరసగా చెబుతాను. నాలుగున్నర గ్లాసులకు ఆరు పెద్ద చెంచాల నూనె, రెండు చెంచాల నెయ్యి. నూనె కాగాక చిన్న చెంచాడు షాజీరా, ఎనిమిది లవంగాలు, ఆరు యాలకులు, రెండంగుళాల దాల్చిన చెక్క, మూడు బిర్యానీ ఆకులు. అనాసపువ్వు ఒకటి చాలు, ఎక్కువైతే మందు వాసన వస్తుంది. షాజీరా చిటపటమనగానే రెండు పెద్ద ఉల్లిగడ్డలు పొడుగ్గా, సన్నగా తరిగినవి, నిలువుగా చీరిన ఎనిమిది పచ్చిమిర్చి వేయి. ఉల్లి అంచులు బంగారు రంగు పట్టేదాకా ఓపిక పట్టాలి. నల్లబడితే అన్నమంతా మట్టి రంగు. అల్లం వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, పచ్చి వాసన పోయేదాకా. ఇది అడుగు పట్టుకుంటుంది జాగ్రత్త, పట్టుకుంటే కాసిన్ని నీళ్లు చిలకరించి గీకు. ఆ గీకినదాంట్లోనే రుచి ఉంటుంది. తర్వాత గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర, అరనిమిషం.

ఎసరు పోసి ఉప్పు వేయి, గ్లాసుకు చిన్న చెంచాడు లెక్క. కలిపి ఒక చుక్క నాలుక మీద వేసుకో. ఎసరు ఉప్పు కాస్త ముందుకు తగలాలి. ఎసరులో సరిగ్గా ఉందనిపిస్తే అన్నంలో చప్పగా ఉంటుంది. ఎసరు తెర్లే వరకు, అంటే మరిగే వరకు, బియ్యం జోలికి పోకు. తెర్లాక వడగట్టిన బియ్యం వేసి ఒకే ఒక్కసారి అడుగు నుంచి కలుపు. అదే ఆఖరు. గరిటె కడిగి దూరంగా పెట్టేయి.

పెద్ద మంట మీద ఎసరు దిగుతూ బియ్యం పైకి తేలుతుంది. అన్నం మీద చిన్న చిన్న గుంటలు పడి వాటిలోంచి బుడగలు వస్తాయి చూడు, అప్పుడు మూత పెట్టి, గిన్నె కింద దోసెల పెనం పెట్టి, మంట బాగా తగ్గించు. పన్నెండు నిమిషాలు. పొయ్యి ఆపాక ఇంకో పది నిమిషాలు మూత తీయకు. చాలామంది ఈ ఆఖరి పది నిమిషాల దగ్గరే ఆగలేక పాడు చేస్తారు. ఆపగానే మెతుకు మెత్తగా, తడిగా ఉంటుంది, కదిపితే విరుగుతుంది. పది నిమిషాల్లో తడి లోపలికి ఇంకి గట్టిపడుతుంది. తీసేటప్పుడు అట్లకాడతో గిన్నె పక్క నుంచి దించి పైకెత్తాలి.

డల్లాస్ వదిన (జనవరి 6, ఉదయం 7:20)

అక్కా, మాది కరెంటు పొయ్యి. సెగ తగ్గించినా పొయ్యి తీగచుట్ట చల్లారడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ఆలోపు అడుగు మాడిపోతుంది. నేను గిన్నెను పక్క పొయ్యి మీదికి మారుస్తాను, దాన్ని ముందే సన్న సెగలో పెట్టి ఉంచుతాను. మరీ ఎక్కువమంది వస్తే తాలింపు విడిగా వేయించి, ఎసరుతో సహా రైస్ కుక్కర్‌లోకి మార్చేస్తాను. అందులో అడుగున ఉన్న వేడి, నీరు మరిగే వేడిని దాటగానే, అంటే నీరంతా అయిపోగానే, దానంతట అదే ఆగిపోతుంది. కాపలా అక్కరలేదు. పెద్దాయన కోప్పడకండి, కుక్కర్లను కూడా కాస్త బతకనివ్వండి.

తెనాలి పెద్దాయన (జనవరి 6, ఉదయం 9:00)

మీ కుక్కర్‌ను క్షమించానమ్మా. నీరు అయిపోయిందని తెలుసుకునే యంత్రం అంటే అత్తెసరు తెలిసినదే. ఈల వేసేదాని మీదే నా కోపం.

బియ్యం గురించి ఒక మాట. పులావంటే బాస్మతి కావాలని కొందరి పట్టు. మా పక్కన బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, పాతబడితే ఈ పనికి దివ్యంగా ఉంటుంది. బాస్మతి పొడుగ్గా సాగి చూపుకు బాగుంటుంది గానీ కూర రసం కలుపుకుంటే జారిపోతుంది. చేత్తో కలిపి తినేవాడికి మన సన్న బియ్యమే మేలు.

మా అమ్మ గ్లాసులు, సోలలు ఏవీ కొలిచేది కాదు. బియ్యం సర్ది మధ్య వేలు ఆనించి, పై నీరు మొదటి గణుపు దాకా వస్తే చాలు అనేది. ఎంత వండినా అదే గణుపు. చిన్నప్పుడు అది ఆవిడ మొండితనం అనుకున్నాను. మాస్టారి లెక్క చదివాక అర్థమైంది.

ఓరుగల్లు మాస్టారు (జనవరి 6, ఉదయం 9:35)

అద్భుతమండీ. బియ్యం సందుల్లో ఉండే నీరు బియ్యంతో పెరుగుతుంది, పైన నిలిచే గణుపు లోతు నీరు స్థిరంగా ఉంటుంది. అమ్మగారి వేలు నా త్రాసు కంటే ముందే ఆ లెక్క కట్టింది. ఒకే ఒక చిక్కు: గిన్నె మారకూడదు. వెడల్పాటి గిన్నెలో అదే గణుపు లోతు అంటే చాలా ఎక్కువ నీరు. అమ్మగారు ఎప్పుడూ ఒకే తపేలాలో వండి ఉంటారు.

తెనాలి పెద్దాయన (జనవరి 6, ఉదయం 9:50)

ఒకే తపేలా. సొట్ట కూడా గుర్తుంది.

ఉప్పల్ వంటగాడు (జనవరి 8, రాత్రి 9:15)

ఈ రోజు రెండు గ్లాసులతో వండి చూశాను. ఏడాది నిలవ ఉన్న బియ్యం తెచ్చాను. మాస్టారి లెక్క ప్రకారం మూడుంపావు గ్లాసులు పోయాలి, భయంతో మూడే పోశాను. ముద్ద కాలేదు, కానీ పై పొరలో మెతుకు నడుమ పలుకు మిగిలింది. వారం క్రితం జావ, ఇప్పుడు పలుకు. దీన్ని ఇప్పుడు బాగుచేయవచ్చా, కంచాల ముందు ఇద్దరం కూర్చుని ఉన్నాం.

డేగిశా (జనవరి 8, రాత్రి 9:18)

పలుకు ఉంటే బాగుచేయవచ్చు, ముద్దయితేనే దారి లేదు. పావు గ్లాసు మరుగుతున్న నీళ్లు, చల్లనివి కాదు, పైన చుట్టూ చిలకరించండి. తడి గుడ్డ పిండి మూతకు కట్టి బిగించండి. పెనం మీద సన్న సెగ, ఏడు నిమిషాలు.

ఉప్పల్ వంటగాడు (జనవరి 8, రాత్రి 9:41)

కుదిరింది! మా ఆవిడ ఫోటో తీసి వాళ్లమ్మకు పంపింది. ఇక వెనక్కి తగ్గే వీలు లేదు.

పాతబస్తీ దస్తర్‌ఖాన్ (జనవరి 8, రాత్రి 10:00)

టమాటా వేశారా?

ఉప్పల్ వంటగాడు (జనవరి 8, రాత్రి 10:01)

లేదు భాయ్. ఒట్టు.

ఉప్పల్ వంటగాడు (జనవరి 15, రాత్రి 10:30)

కనుమ గడిచింది. నాలుగున్నర గ్లాసులు, ఆరు గ్లాసుల మీద కొంచెం ఎసరు. వెడల్పు గిన్నె పక్కింటివారిది. గుంటలు పడగానే పెనం, మూత, పన్నెండు నిమిషాలు, ఆపై పది. ఆ పది నిమిషాలు వంటింట్లో ఉంటే చేయి ఊరుకోదని మేడ మీదికి వెళ్లి పిల్లల గాలిపటాలు చూస్తూ నిలబడ్డాను. దిగి వచ్చేసరికి మా అత్తగారు గిన్నె దగ్గర నిలబడి ఉన్నారు. గుండె ఆగింది. మూత తీయలేదట, వాసన చూస్తున్నారట.

అట్లకాడ పక్క నుంచి దించితే మెతుకులు రాలాయి. మామగారు మాట్లాడకుండా రెండోసారి పెట్టించుకున్నారు. అత్తగారు కూర కలపకముందు ఒట్టి అన్నం రెండు ముద్దలు తిని, “బాబూ, ఈ బియ్యం ఏ కొట్టులోవి?” అన్నారు. ఇది మెచ్చుకోలా కాదా, అక్క చెప్పాలి.

రెండు గ్లాసుల అన్నం మిగిలింది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి వాళ్లు ఎల్లుండి దాకా ఉంటారు. రేపు తినవచ్చా?

ఓరుగల్లు మాస్టారు (జనవరి 15, రాత్రి 10:36)

ఇప్పుడే వెడల్పు పళ్లెంలో పరిచి, వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రంతా బయట ఉంచకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తులు ఉడికించినా చావవు. వెచ్చగా వదిలేసిన అన్నంలో అవి మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్‌లో పెట్టినది రేపు నీళ్లు చిలకరించి, ఆవిరి మీద బాగా వేడి చేసి తినేయండి.

కరీంనగర్ అక్క (జనవరి 15, రాత్రి 10:50)

బియ్యం ఏ కొట్టులోవి అని అడిగారంటే మెచ్చుకున్నట్టే, కాకపోతే మెప్పు కొట్టువాడికి పోయింది. అత్తలు అంతే తమ్ముడూ, నేనూ ఒక అత్తనే. అడుగు పట్టిందా?

ఉప్పల్ వంటగాడు (జనవరి 15, రాత్రి 10:58)

రూపాయి బిళ్లంత మేర ఎర్రగా పట్టింది అక్కా. బావమరిది కొడుకు చెంచాతో గీకుకుని తినేశాడు, గిన్నె తోమే పని తప్పింది.